గూడుబండిలో కుంపటి

శంభులింగానికి ఒకటే బాధ. పొద్దున గురువు చెప్పిన మాట వింటే లోపల నిప్పు రాజుకున్నట్టుంటుంది. పొద్దు వాలేసరికి ఏమీ మిగలదు. ఇద్దరు గురువుల్ని మార్చినా ఇదే తంతు. మూడో గురువు గురుపాదయ్య దగ్గరా అంతే అయ్యేసరికి, పాపం, భయం పట్టుకుంది. తనలో ఏదో లోటుందేమోనని కాదు సుమా! ఈ గురువులోనూ నిప్పు చాలదేమోనని.

గురుపాదయ్య జంగమస్వామి. జంగముడు ఒక్కచోట పాతుకుపోకూడదని ఆయన పట్టుదల. అందుకే మఠం కట్టలేదు. రెండెడ్లు లాగే చిన్న గూడుబండే ఆయన మఠం. పైన తడికెల గూడు, కింద పలకలు, ముందూ వెనకా గోనె పరదాలు. ఆ పుష్యమాసంలో బండి ఆదిలాబాద్ అడవి అంచున ఒక పల్లెలో ఆగింది. చలి అంటే అలాంటిలాంటి చలి కాదు, ఎడ్ల ముక్కుల్లోంచి పొగలొస్తున్నాయి.

శంభులింగం ఆ రోజంతా ఊరి చావడిలో కూర్చుని, పొద్దున విన్న మాటనే జనానికి విప్పి చెప్పాడు. నలుగురు కనబడితే అతని నోరు ఊరుకోదు మరి. జనం ఆహా అన్నారు. సాయంత్రం బండి దగ్గరకు వచ్చేసరికి లోపల మళ్ళీ బూడిదే. ఇక ఉండబట్టలేకపోయాడు.

"అయ్యా, నాకు సెలవియ్యుండ్రి. ఏటవతలి మఠంల ఉన్న స్వామి మాట నిప్పంటరు. రేపు ఆడికి పోత."

"పోదువు తియ్యి," అన్నాడు గురుపాదయ్య కంబళి బిగించుకుంటూ. "ముందుగాల ఈ బండిని జర వెచ్చజెయ్యి. చలి ఎముకలు కొరుకుతున్నది."

శంభులింగం కుంపటి బయటే రాజేసి, పొగంతా పోయాక లోపల పెట్టాడు. ఇద్దరూ దగ్గరగా కూర్చున్నారు. మొహం కాలుతోంది, వీపు వణుకుతోంది. ఇంకాసిని బొగ్గులు వేశాడు. మళ్ళీ వేశాడు. సంచీ అడుగంటింది గాని పళ్ళు టకటకలాడటం ఆగలేదు.

"ఇంకో కుంపటి తెస్తనయ్యా."

"తే."

బండి పక్కనున్న ఇంట్లోని లచ్చవ్వను అడిగి, నిండా బొగ్గులతో ఆమె కుంపటి తెచ్చాడు. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి. చలి అక్కడే ఉంది.

"ఇది వెచ్చబడే బండి కాదయ్యా!" అని విసుక్కున్నాడు.

గురుపాదయ్య లేచి, లచ్చవ్వ కుంపటిని తీసి కింద నేల మీద పెట్టాడు. ఎడ్ల ముందు నుంచి ఒక గడ్డి మోపు తెచ్చి, చాప ఎత్తి, పలకల సందుల్లో కుక్కడం మొదలుపెట్టాడు. ముసలాయన వంగి పనిచేస్తుంటే శంభులింగానికి సిగ్గేసింది. తనూ చేయి కలిపాడు. అడుగున గడ్డి పరిచి పైన చాప వేశారు. గాలి కొట్టే వైపు గోనెలు కట్టారు. గురుపాదయ్య తన పాత దుప్పటిని బండి నడుమ అడ్డంగా వేలాడదీశాడు.

"ఉన్నది ఇద్దరం. గూడంత ఎందుకు వెచ్చజేసుడు?"

కుంపట్లో మిగిలినవి పిడికెడు నిప్పులే. అయినా మెల్లమెల్లగా వీపు కూడా వెచ్చబడింది. శంభులింగం నోరెళ్ళబెట్టాడు.

"చావడిల బాగ జెప్పినవంట గదా?" అడిగాడు గురువు, తడికెల మీద అరచేయి ఆనించి గాలి ఎక్కడుందో చూస్తూ.

"జనం ఆహా అన్నరయ్యా."

గురుపాదయ్య అతని చేతిలో ఇంకాస్త గడ్డి పెట్టాడు.

"ఇగో, ఈడ గూడ వేడంత బయటికి పోతున్నది."

శంభులింగం చేయి ఆగిపోయింది. మొహం చిన్నబోయింది. మళ్ళీ వంగి గడ్డి కుక్కసాగాడు. ఆ కుక్కడంలో ఎక్కడా వెంట్రుకవాసి సందు ఉంచలేదు. గూడు నెత్తిన ఉన్న చిన్న కంత కూడా మూసేశాడు.

"అయ్యా, ఇగ నోరు తెరువ. ఎవలతోని మాట్లాడ. ఒట్టు!"

గురుపాదయ్య పకపకా నవ్వాడు. చేయి చాచి, నెత్తిన కంతలోని గడ్డిని లాగిపారేశాడు. సన్నగా చల్లగాలి దిగింది.

"అయ్యో, చలి వస్తదయ్యా!"

"లోపల నిప్పు వెట్టుకొని అన్నీ మూస్తే ఊపిరాడదు, తెల్లారి మనల్ని ఊరోళ్ళు మొయ్యాలె. ఒక్కటి ఉండనియ్యి."

తెల్లవారాక శంభులింగం కుంపటి తిరిగి ఇవ్వడానికి వెళ్ళాడు.

"గప్పుడే తెచ్చినవా బిడ్డా? కూసో. నిన్న చావడిల చెప్పినట్టు రెండు మంచి మాటలు చెప్పిపో," అంది లచ్చవ్వ.

అతను నోరు తెరిచాడు. ఆగాడు.

"వాటి సెగ ముందు నాకు తగలనియ్యి అవ్వా," అని మాత్రం అన్నాడు.

ఊరు దాటాక దారి చీలింది. ఎడ్లను తోలుతున్న గురుపాదయ్య పగ్గాలు బిగబట్టాడు.

"ఏరు దాటాల్నంటే నువ్వు ఈడనే దిగాలె."

ఆయన వెనక్కి తిరిగి చూస్తే, శంభులింగం చిరిగిన పరదాను ఒళ్ళో వేసుకుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తున్నాడు.

గురుపాదయ్య ఎడ్లను అదిలించాడు.