ఈరమ్మ ఆలస్యంగా తెచ్చిన మెంతులు

అనగా అనగా, మా తాతకి తాత కూడా ఇంకా ఉయ్యాల ఎక్కని కాలం. ఒక ఊళ్ళో గొల్ల ఈరమ్మ ఉండేది. వెన్న కాచి, ఇల్లిల్లూ తిరిగి నెయ్యి అమ్మేది. ఆ నెయ్యి కమ్మదనం ఏం చెప్పమంటారు, వాసనకే సగం అన్నం దిగేది!

ఆమె మొగుడు ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని పోయాడు. అంతకుముందు అతని కనురెప్పల మీద మెంతిగింజలంత పసుపు గింజలు కట్టాయి. అవి బంగారు చుక్కలని, అదృష్టమని ఊరంతా మురిసింది. ఏం అదృష్టమో, ఖర్మ! తర్వాతెప్పుడో అడవి నుంచి వచ్చిన మందుల ముసలమ్మ చెప్పింది.

"పిచ్చిదానా, అది ఒంట్లో పేరుకున్న కొవ్వే. నొప్పి ఉండదు, అందుకే ఎవ్వరికీ తెల్వదు. నెయ్యి బంద్ చేసి, నానిన మెంతులు పరగడుపున మింగాలె."

మొగుడు పోయిన ఏడు బుచ్చిరెడ్డి పటేలే పాడిబర్రెనిచ్చి ఆమెని నిలబెట్టాడు. అందుకే వారంవారం మొదటి ముంత ఆయన గడపకే. ఒకనాడు చూసింది కదా, పటేలు రెప్పల మీద అవే గింజలు!

చెప్పేద్దామనుకుంది. కానీ అన్నం పెట్టిన మారాజుకి అపశకునం ఎలా చెప్తుంది? నెయ్యి వంపింది, వచ్చేసింది.

రెండోవారం మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో పటేలే, "సూసినవా ఈరమ్మా, నా కండ్లకు లచ్చిందేవి బొట్టు పెట్టింది!" అని నవ్వాడు. నెయ్యి వంపింది, వచ్చేసింది.

మూడోవారం ముంత తేలేదు. నానిన మెంతులు కొంగున కట్టుకుంది. తిట్టినా సరే, తన్నినా సరే, ఇవాళ చెప్పేస్తా అనుకుంటూ వచ్చింది. వస్తే ఏముంది, పటేలుని వాకిట్లో పడుకోబెట్టారు. పొద్దున అన్నం ముందే ఒరిగిపోయాడట. కంచంలో ఉన్నది ఆమె నెయ్యే.

"నా నోరు పడిపోను! మొదటినాడే చెప్తే నాలుగు తిట్లు తిట్టేటోడు, గంతే కదా!" అని కూలబడి ఏడ్చింది.

ఆపైన ఏ ఇంటికెళ్ళినా ముందు కళ్ళు చూసేది. గింజలుంటే ముంత మూసి, మెంతులు చేతిలో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేది. కొందరు తిట్టారు. కొందరు గడప తొక్కొద్దన్నారు. కొందరు విన్నారు, మనవలని ఎత్తుకున్నారు.

ఈరమ్మ పోయి ఎన్నేళ్ళయిందో! ఇప్పటికీ ఆ ఊళ్ళో నెయ్యి ముంత దించగానే కొనేవాళ్ళు వంగి మొహం చూపిస్తారు. "ఈరమ్మ మీద ఒట్టు, దాచకుండా చెప్పు" అంటారు. అమ్మేవాళ్ళు చూశాకే వంపుతారు.

పటేలు ఇల్లు ఎప్పుడో కూలింది, గడప ఒక్కటే మిగిలింది. నెయ్యి అమ్మేవాళ్ళు ముందు అక్కడ ఆగి, పిడికెడు నానిన మెంతులు పెట్టి, ఆ తర్వాతే ఊళ్ళోకి వెళ్తారు.