పుట్టకముందే ఎదురుచూపించిన బిడ్డ

వెనకటికి కొండల నడుమ ఒక బుల్లి రాజ్యం ఉండేది. పటంలో వేలు పెడితే వేలికిందే దాగిపోయేది. దాన్ని ఉద్దండభూపతి ఏలేవాడు. ఆయన కొలువుకు వేళకు వచ్చిన పాపాన పోలేదు.

"రాజు ఎవరికోసమూ ఎదురుచూడడు. ఎంతసేపు ఎదురుచూపిస్తే అంత పెద్దరాజు" అనేవాడు.

మంత్రసాని పోలమ్మ ఒకసారి ఇంటికప్పు కూలిందని విన్నవించుకోబోయి, పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా నిలబడి, మోకాళ్లు పట్టేసి తిరిగొచ్చింది. అప్పట్లో కొలువులో జనానికి బల్లలుండేవి కావు. ఉన్నా కూర్చునే ధైర్యం ఎవరికుందిలెండి.

ఇంతలో రాణిగారికి నెలలు నిండాయి. గురువారం ఏడు గడియల పొద్దెక్కాక దివ్యమైన లగ్నముందని జోస్యులన్నారు. గడియంటే ఇరవైనాలుగు నిమిషాలు, ఈ కాలం వాళ్లకు చెప్పాలి కదా. రాజు పోలమ్మను పిలిపించాడు.

"బిడ్డ ఆ గడియకే పుట్టాలి. తప్పిందా, నీ మాన్యం పోయినట్టే."

ఆ రెండెకరాలే పోలమ్మకు కూడూ గుడ్డా.

"చిత్తం. లోపలున్నవారు నా మాట వింటారో వినరో. ఏలినవారే ఆజ్ఞ ఇప్పించండి" అంది నెమ్మదిగా.

గురువారం పురిటిగది గుమ్మంలో ఆజ్ఞ చదివించారు. లగ్నం వచ్చింది, వెళ్లింది. రాజు వసారాలో పచార్లు చేశాడు. అన్నం ముట్టలేదు. సన్నాయివాళ్లు కునికారు.

పొద్దు వాలాక పోలమ్మ పొత్తిగుడ్డల్లో బిడ్డతో బయటికొచ్చింది.

"ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం."

రాజు గుండె కుదుటపడింది, దర్పం మాత్రం పడలేదు. "ఇరవై గడియల ఆలస్యం. నీ మాన్యం..."

"ఒక్కమాట మహాప్రభూ. పొద్దుటినుంచి తమరేం చేస్తున్నారు?"

"కనపడటంలేదూ? ఎదురుచూస్తున్నాను."

"ఎంతసేపు ఎదురుచూపిస్తే అంత పెద్దరాజని తమరే సెలవిచ్చారు. తమరిచేతే ఎదురుచూపించినవారు ఇంకెంత పెద్దవారో. తొందరపెట్టి వారి పెద్దరికం తగ్గించమంటారా?"

రాజు బిడ్డమీదికి వంగాడు.

"కళ్లు తెరవదేం?"

"ఇంకా దర్శనవేళ కాలేదు ప్రభూ. నిలబడండి."

రాజు ఒక్క క్షణం ఆమె మోకాళ్లవైపు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మాన్యం నీదే, ఇంకో రెండెకరాలూ నీవే. ఇంకేం కావాలో కోరుకో."

"కొలువులో జనానికి నాలుగు బల్లలు వేయించండి. తలా గ్లాసెడు మజ్జిగ కూడా."

మర్నాడే బల్లలు వచ్చాయి. ఆ తర్వాత రాజు వేళకే కొలువుకు వచ్చేవాడు, పాప నిద్రలేవని రోజున తప్ప.