నెమలీకల శిక్షణ

మావటీల శిక్షణను ఆటగా మార్చిన మా పూర్వీకుడు, గజాధ్యక్షుడు త్ర్యంబకరాజు, ఆ ఆట పెట్టిన ఏటి దసరా ఊరేగింపులో పట్టపుటేనుగును స్వయంగా నడిపాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆట సంగతి నమ్మవచ్చు. ఏనుగు సంగతే సందేహం. మా వంశంలో గేదెను అదిలించినవారు కూడా లేరు.

గజశాల ముంగిట కొయ్య ఏనుగునెక్కి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవాడికి తలపాగాలో ఒక నెమలీక. దసరా నాటికి ఈక లేనివాడికి కొలువు లేదు. అందరికీ ఉత్సాహం కలిగించాలని గజాధ్యక్షుడు కూడా ఆడాడు. ప్రశ్నలు తనవే కనుక ఈకలు దాదాపు అన్నీ ఆయనకే వచ్చాయి.

పట్టపుటేనుగు మావటి పోలయ్యకు ఒక్కటీ రాలేదు.

“ఏరా పోలిగా, దసరా వచ్చేసింది. ఈకేదిరా? ఏనుగును అప్పగించి వెళ్ళు!” అన్నాడు గజాధ్యక్షుడు.

“చిత్తం దొరా. ఎవరికి అప్పగించమంటారు?”

“ఎక్కువ ఈకలున్నవాడికి!”

పోలయ్య అంకుశాన్ని రెండు చేతులా ఆయనకే అందించాడు. “అయితే తమరే ఎక్కాలి దొరా. పొద్దుటి నుంచి అది కాస్త చిరాగ్గా ఉంది.”

ఏనుగు ఘీంకరించింది. గజాధ్యక్షుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ ఏటి, అంటే తారణ నామ సంవత్సర విజయదశమి నాటి ఊరేగింపు వరుస కోటగుమ్మం శాసనంలో చెక్కి ఉంది: ఏనుగుపై అమ్మవారు, దాని మెడపై పోలయ్య, వెనుక కాలినడకన త్ర్యంబకరాజు.