పైతేట

“సుజాన్... ఒరే సుజాన్, ఆ బకెట్ దించి ఇటు రా.”

లంగరు, అంటే వచ్చినవాళ్లందరికీ ఉచితంగా భోజనం పెట్టే వంటశాల, గుమ్మంలో నిలబడి పిలుస్తున్నది మెహర్ సింగ్ బాబా. మంజీర ఒడ్డున ఉన్న ఆ చిన్న గురుద్వారాలో గ్రంథం చదివేదీ ఆయనే, వంటకు ఉల్లిపాయలు ఒలిచేదీ ఆయనే. ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. వారం క్రితం శిష్యుడు సుజాన్ అడిగినదానికీ చెప్పలేదు.

“బాబాజీ, ఈ వైశాఖికి నేను అమృతం తీసుకోవచ్చునా?” అని సుజాన్ అడిగాడు. అది సిక్కుల దీక్ష. ఇనుప గిన్నెలో నీళ్లు పోసి, చక్కెర బతాసలు వేసి, ఖడ్గంతో కలుపుతూ ప్రార్థనలు చదువుతారు. ఆ తీయని నీటిని అందరూ ఒకే గిన్నెలోంచి తాగుతారు. ఆ రోజు కోసమే సుజాన్ బతుకుతున్నాడంటే అబద్ధం కాదు. చుక్కలుండగానే లేచి స్నానం, జపం. పగలు వడ్రంగం. ఆదివారం లంగరులో పప్పు వడ్డించే సేవ. “ఇంకా నాలో తక్కువేముంది?” అన్నాడు.

“చూద్దాం” అన్నాడు బాబా.

ఈ ఆదివారం ఉదయం చెప్పులు విడిచే చోట ఒక ఆలుమగల వాదులాట బాబా చెవిన పడింది. “ఇక్కడి పప్పు ఎంత చిక్కగా ఉంటుందో, మన ఇంట్లో నాకెందుకు కుదరదో” అంటోంది రూప్ కౌర్. “చిక్కనా? నా కంచంలో పప్పుగింజలు నీళ్లలో ఈత కొడుతుంటాయి” అన్నాడు కిర్పాల్. ఒకే వంట, ఒకే బకెట్. బాబా గడ్డం నిమురుకున్నాడు.

శనగపప్పు ఊరికే అడుక్కు దిగిపోతుంది. అందుకే ప్రతి మనిషి దగ్గరా గరిటెను అడుగుదాకా ముంచి, కలిపి పోయాలని వడ్డించేవాళ్లకు ఆయన మొదటి రోజే నేర్పుతాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రూప్ కౌర్ పెళ్లికి ముందు ఈ లంగరులోనే రొట్టెలు ఒత్తేది. పొయ్యి వెలుగు ఆమె చెంప మీద పడితే సుజాన్‌కు చేతిలో పని సాగేది కాదు. చెప్పాలనుకున్న మాట గొంతులో ఉండగానే ఆమెకు కిర్పాల్‌తో పెళ్లయిపోయింది. మూడేళ్లయింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు, కిర్పాల్‌కు అసలే తెలియదు.

సుజాన్ బకెట్ దించి వచ్చాడు. “ఇవాళ నువ్వు పంక్తిలో కూర్చో” అన్నాడు బాబా. చూపించిన చోటు కిర్పాల్ పక్కనే. సుజాన్ తల వంచుకుని కూర్చున్నాడు. బాబా బకెట్ అందుకుని వంగి, గరిటెను అడుగుదాకా ముంచి ఇద్దరికీ పోశాడు.

కిర్పాల్ రొట్టె ముంచి నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

“సుజాన్ భాయ్, ఇవాళ వంట ఎవరిది? ఇంత కమ్మని పప్పు ఇక్కడ ఎన్నడూ తినలేదు.”

“రోజూ ఇదే పప్పు. నీ నాలుకకే ఇవాళ తెల్లారింది” అంది ఎదురు వరుసలోంచి రూప్ కౌర్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కిర్పాల్ కూడా నవ్వి, తన కంచంలోని రొట్టెల్లో మెత్తగా పొంగినదాన్ని తీసి సుజాన్ చేతుల్లో పెట్టాడు. “తిను భాయ్. వారం వారం మాకు వడ్డించి వడ్డించి నువ్వెప్పుడు తింటావో.”

సుజాన్ రెండు చేతుల్లో రొట్టె అలాగే ఉండిపోయింది. వేడి అరచేతుల్లోకి దిగుతోంది. ముక్క తుంచలేకపోయాడు.

“కిర్పాల్ భాయ్” అన్నాడు చివరికి, వరుసంతా వినేలాగే. “మూడేళ్లుగా నీకు నేను పైతేటే పోశాను. నీ దగ్గరికి వచ్చేసరికి గరిటె కలపలేదు. తెలిసే కలపలేదు.”

కిర్పాల్ కాసేపు అతని ముఖంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు. “నేను మీ శనగపప్పుదే తప్పనుకున్నాను” అన్నాడు మెల్లగా, కొంచెం జరిగి మోకాలు అతని మోకాలికి ఆనించి.

సుజాన్ కళ్లెత్తి బాబాను చూశాడు. “అమృతం గిన్నె దగ్గర కూర్చునే అర్హత నాకు లేదు, బాబాజీ.”

బాబా అప్పటికే పక్క మనిషి ముందు వంగి బకెట్ కలుపుతున్నాడు. తల తిప్పకుండానే అన్నాడు:

“ఇవాళేగా నీ గరిటె అడుగుకు తగిలింది. ముందు ఆ రొట్టె తిను.”