లత్తుక అంటిన చేతులు

గురువుగారి మనసులో ఏముందో బుధికుడికి ఎంతకీ అంతుపట్టలేదు.

కృష్ణ ఒడ్డున కొండ మీద ఒక విహారం, కొండ కింద ఊరు. బుధికుడు ఆ విహారంలో భిక్షువు, అక్కడి భిక్షువులందరికీ పెద్ద అయిన స్థవిరుడు రేవతుడికి శిష్యుడు. మంచివాడే, చురుకైనవాడే. కాకపోతే సొంతంగా ఒక మాట అనాలంటే గుండె జారిపోతుంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా గురువుగారి ముఖం చూసి తేల్చుకునే రకం.

అలాంటివాడి నెత్తిన ఊరి తగువొకటి వచ్చి పడింది.

రేవు పక్కన ఖాళీ స్థలంలో జడల సన్యాసులు కొందరు మకాం పెట్టారు. ఎక్కడివాళ్ళో, ఏ దేవుణ్ణి కొలుస్తారో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. పోయిన వానాకాలమంతా బోర్లించిన పడవల కింద తలదాచుకున్నారు. వాళ్ళలో ఒక ముసలాయన కాలు వాచిపోయి అడుగు వేయలేడు. ఈ వానలకైనా అక్కడ ఒక పాక వేసుకోనివ్వమని అడిగారు. ఊరు కాదంటే ఏరు పొంగేలోపు ఆ ముసలాయన్ని మోసుకుని ఎటైనా పోవాలి.

ఊరికి వాళ్ళంటే పడదు. ముఖ్యంగా వాళ్ళ పాట పడదు. తెల్లవారకముందే లేచి గొంతెత్తి పాడతారు. దానికి శ్రుతీ లేదు, లయా లేదు. కొండ మీద ధ్యానంలో కూర్చున్న భిక్షువులకి కూడా ఆ పాట తప్పదు.

రేవు ఊరిదీ విహారానిదీ కలిపి. అందుకని ఊరిపెద్ద చందశ్రేష్ఠి, విహారంలో పెద్ద సంగతులు తేల్చే పద్ధతిలోనే ఇదీ తేల్చుకుందామన్నాడు. అది పుల్లల పద్ధతి. తెర వెనక రెండు బుట్టలుంటాయి. ఒకదాంట్లో లత్తుక పూసిన ఎర్ర పుల్లలు, ఇంకోదాంట్లో ఏ రంగూ పూయని తెల్ల వెదురు పుల్లలు. ఎర్రదంటే వద్దని, తెల్లదంటే సరేనని. ఇంటికొకరు లోపలికి వెళ్ళి, తమకి తోచిన పుల్ల గుప్పిట్లో దాచుకుని వచ్చి, సన్నమూతి కుండలో వేయాలి. ఎవరు ఏది వేశారో మూడో కంటికి తెలియకూడదు. విహారం తరఫున స్థవిరుడికి ఒక పుల్ల, పుల్లల పని చూసే భిక్షువుకి ఒక పుల్ల.

ఆ భిక్షువు ఈసారి బుధికుడు.

ముందురోజంతా కూర్చుని పుల్లలకి రంగు వేశాడు. లత్తుకలో పటిక వేసి మరగబెడితేనే రంగు నిలుస్తుంది. గురువుగారు అవునంటారా కాదంటారా అని ఆలోచిస్తూ పటిక సంగతే మరిచిపోయాడు. మోచేతుల దాకా ఎరుపు పూసుకుని పడుకున్నాడు.

తెల్లవారుతూనే గురువుగారి గదికి వెళ్ళాడు.

"భంతే, వాళ్ళని పాక వేసుకోనివ్వాలా, వద్దా? మీరేమంటారు?"

సరిగ్గా అప్పుడే రేవు వైపు నుంచి పాట లేచింది. స్థవిరుడు లేచి కిటికీ తలుపు మూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"పుల్లల పని నీదే కదూ?"

"నాదే భంతే."

"మరి వెళ్ళు. ఎండెక్కుతుంది."

బుధికుడు బయటికి వచ్చి నిలబడిపోయాడు. గురువులు నోటితో చెప్పరు, చేతలతో చెబుతారని ఎన్నిసార్లు వినలేదు? కిటికీ మూశారు. అంటే వద్దనే. కానీ ముఖంలో కోపం లేదే. ఊరికే మూశారేమో. ఊరికే మూసేవారైతే సరిగ్గా నేను అడిగినప్పుడే ఎందుకు మూస్తారు? కొండ దిగేలోపు ఆ కిటికీని పదిసార్లు తెరిచి పదిసార్లు మూశాడు గాని, అర్థం మాత్రం ఒక్కసారీ నిలకడగా నిలవలేదు.

కింద మండపంలో ఊరంతా చేరింది. మొదట చందశ్రేష్ఠి వచ్చాడు. తెర దగ్గర ఆగి బుధికుడి చెవి దగ్గరికి వంగాడు.

"స్వామీ, స్థవిరులవారి అభిప్రాయం ఏమిటి?"

"ఏమీ చెప్పలేదండీ." అక్కడితో ఆపితే బాగుండేది. "పాట వినబడగానే కిటికీ మాత్రం మూసేశారు."

శ్రేష్ఠి తల పంకించి లోపలికి వెళ్ళాడు.

ఆ మాట వరస పొడుగునా పాకింది. మధ్యలోకి వచ్చేసరికి స్థవిరులవారు కిటికీకి మేకులు కొట్టించారు. చివరికి వచ్చేసరికి చెవుల్లో మైనం పోసుకున్నారు. వెనకున్నవాళ్ళు తెర వెనక్కి వెళ్ళినంతసేపు కూడా పట్టకుండా బయటికి వచ్చేస్తున్నారు. ఆలోచించడానికి ఇంకేముంది? అందరికన్నా ఆఖరున స్థవిరుడు వచ్చి, తన పుల్ల వేసి, ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

బుధికుడు కుండ బోర్లించాడు. అన్నీ ఎర్రవే.

ఒక్కటి తప్ప.

మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. శ్రేష్ఠి ఆ తెల్ల పుల్లని పైకెత్తి పట్టుకున్నాడు. రేవులో రాయి పాతించి, దాని మీద ఊరంతా ఒక్క మాట మీద నిలిచిందని చెక్కించాలని ఆయన ముచ్చట. శిల్పితో మాట్లాడుకున్నాడు కూడా.

"ఎవరండీ ఇది?" అన్నాడు.



"స్థవిరులవారి మాటకే ఎదురా? ఊరంతా ఒక దారైతే తనది ఇంకో దారా?" అంది గానుగ నడిపే నాగమూల. ఆమె గొంతు మామూలుగానే పెద్దది.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నువ్వా అంటే నువ్వా అని పక్కవాణ్ణి పక్కవాడు చూస్తున్నాడు. పొద్దుటిదాకా కలిసి తిరిగినవాళ్ళే ఒకరికొకరు కొంచెం ఎడంగా జరిగారు. అది చూస్తే బుధికుడికి భయం వేసింది. సన్యాసుల సంగతి ఎవరికీ గుర్తున్నట్టే లేదు.

వాన ముందరి ఉక్క. అందరికీ చెమటలు కారుతున్నాయి. శ్రేష్ఠి ముఖం తుడుచుకోబోయి తన అరచెయ్యి చూసుకున్నాడు. ఎర్రగా ఉంది.

"ఓహో," అన్నాడు నెమ్మదిగా. "రంగు అంటింది. అందరూ చేతులు చూపించండి. ఎవరి చెయ్యి తెల్లగా ఉంటే వాళ్ళే. ఇక వాళ్ళింటికి మనవాళ్ళెవరూ వెళ్ళేది లేదు, వాళ్ళు మన గడప తొక్కేదీ లేదు."

బుధికుడికి అప్పుడు గుర్తొచ్చింది. పటిక. ఆ చిటికెడు పటిక వేసి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. సాయం కోసం గురువుగారి వైపు చూశాడు.

స్థవిరుడు ఎండ వైపు చూస్తున్నాడు.

"పొద్దు నడినెత్తికి వస్తోంది," అన్నాడు. "మధ్యాహ్నం దాటితే మాకు భోజనం లేదు. వంట అయిందా శ్రేష్ఠీ?"

"అయింది స్వామీ, విస్తళ్ళు కూడా వేశారు. కానీ ఇది..."

"అయితే చేతులు కడుక్కుందాం."

లేచి కొమ్ముచెంబు తీసుకున్నాడు. తిన్నగా శ్రేష్ఠి ముందుకొచ్చి నిలబడి చెంబు వంచాడు. అంతటి పెద్దాయన స్వయంగా నీళ్ళు పోస్తుంటే చెయ్యి వెనక్కి తీసుకునేది ఎవరు? శ్రేష్ఠి నోరు తెరిచి, మూసుకుని, రెండు చేతులూ చాపాడు. ఎర్రనీళ్ళు మెట్ల మీదుగా పారాయి.

తర్వాత నాగమూల. ఆ తర్వాత ఆమె పక్కనున్న కుమ్మరి. స్థవిరుడు వరసగా పోస్తూ వెళ్ళాడు. కొందరు గుప్పిళ్ళు బిగించే చాపారు. ఆయన కళ్ళు చెంబు మీదే ఉన్నాయి గాని ఎవరి అరచేతి మీదా లేవు. వరస ముగిసేసరికి మండపంలో ఒక చేతికీ ఇంకో చేతికీ తేడా లేదు. నీళ్ళు పోస్తున్న చేతుల్ని మాత్రం ఎవరూ చూడలేదు.

ఆఖరున బుధికుడు చేతులు చాపాడు. చెంబెడు నీళ్ళు అయిపోయినా ఆ ఎరుపు వదల్లేదు.

"ఊరందరి రంగూ నీ చేతులకే ఉంది," అన్నాడు స్థవిరుడు. "నీ పుల్ల ఏదీ?"

బుధికుడు తెల్లబోయాడు. అతను పుల్ల వేయనే లేదు. రంగులు వేశాడు, బుట్టలు పెట్టాడు, వరస చూశాడు, కుండ బోర్లించాడు. తనకంటూ ఒక పుల్ల ఉందన్న సంగతే తోచలేదు.

"ఒక్క పుల్లే కదా స్వామీ, ఎటు వేస్తే ఏం మారుతుంది?" అన్నాడు శ్రేష్ఠి.

"ఒక్కటి మిగిలినా తేలినట్టు కాదు. పద్ధతి అది." స్థవిరుడు విస్తరి ముందు కూర్చున్నాడు.

బుధికుడు ఆయన పక్కన చేరి గొణిగాడు. "భంతే, ఏది వేయను?"

స్థవిరుడు ఒక ముద్ద తిన్నాడు. "పప్పు బాగుంది. కూర్చో."

ఇందులో కూడా ఏదైనా అర్థం ఉందేమోనని బుధికుడు పప్పు వైపు చూశాడు. ఏమీ కనబడలేదు. తినబుద్ధి కాలేదు. కాళ్ళు ఎటు తీసుకెళితే అటు నడిచాడు. అవి రేవుకి తీసుకెళ్ళాయి. ఇన్నాళ్ళలో ఆ సన్యాసుల దగ్గరికి అతను రావడం అదే మొదలు.

వాన మొదలైంది. బోర్లించిన పడవ కింద నుంచి ఒక ముసలి గొంతు కేకేసింది.

"ఏమయ్యా బోడిగుండూ, తడుస్తావేం? లోపలికి రా."

బుధికుడు వంగి లోపలికి దూరాడు. వాచిన కాలు చాపుకుని ముసలాయన కూర్చున్నాడు. మహానుభావుడిలా ఏమీ లేడు. పళ్ళు లేవు, నోరు మాత్రం ఉంది.

"మీ బుద్ధుడు మంచివాడేనయ్యా. కానీ ఒక్క దగ్గర తప్పులో కాలేశాడు," అని మొదలుపెట్టాడు.

బుధికుడికి ఒళ్ళు మండింది. ఎర్ర పుల్లే వేస్తాను, ఇప్పుడే వెళ్ళి వేస్తాను అనుకున్నాడు. అంతలో పడవ పగులులోంచి నీళ్ళు అతని నెత్తిన పడ్డాయి. ముసలాయన వాదన ఆపకుండానే వాచిన కాలు రెండు చేతులతో ఎత్తి అవతలికి పెట్టుకుని, తాను తడిలోకి జరిగి, పొడిగా ఉన్న చోటు అతనికి వదిలాడు. బుద్ధుడు ఎక్కడ తప్పాడో చెబుతూనే ఉన్నాడు.

బుధికుడు అక్కడ కూర్చున్నాడు. వాన తెరిపి ఇచ్చేదాకా వాదించాడు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. లేచి వస్తున్నప్పుడు కూడా ఆ ముసలాయన అతనికి నచ్చలేదు.

మండపంలో జనం వానకి చిక్కుకుని అక్కడే ఉన్నారు. బుధికుడు మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"గురువుగారి మనసులో ఏముందో నాకు తెలియదు," అన్నాడు. "తెలిసినట్టు మాట్లాడాను. ఆ మాట వల్ల పడిన పుల్లలు చెల్లవు. మళ్ళీ వేయాలి. ఈసారి పటిక వేసి రంగు మరగబెడతాను."

"అయితే స్థవిరులవారి అభిప్రాయం ఏమిటి?" అని ఎవరో అడిగారు.

"నన్ను అడగకండి. తెర వెనక ఆయన ఉండరు."

స్థవిరుడు స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడో, వింటున్నాడో తెలియలేదు.

మర్నాడు మళ్ళీ పుల్లలు వేశారు. ముందుగా తన పుల్ల తాను వేసి బుధికుడు తెర దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు పట్టింది. లోపలికి వెళ్ళినవాళ్ళు వెంటనే రావడం లేదు. బుట్టల ముందు నిలబడి ఏం చేస్తున్నారో ఏమో. నాగమూల అయితే ఒకసారి బయటికి వచ్చి, కుండ దాకా వెళ్ళి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

తెల్లవి ఎక్కువ వచ్చాయి. మరీ ఎక్కువేం కాదు.

"నాది నిన్నా ఎర్రదే, ఇవాళా ఎర్రదే," అన్నాడు చందశ్రేష్ఠి అందరూ వినేలా. "ఆ పాట నాకు పడదు." వాన పడుతుంటే నాగమూల కొడుకు ఆయనకి తాటాకు గొడుగు పట్టి ఇంటిదాకా దిగబెట్టాడు.

రేవులో రాయి పాతలేదు. పాక లేచింది.

కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున బుధికుడు గురువుగారి గది ఊడుస్తున్నాడు. కింద నుంచి పాట మొదలైంది. ఇప్పుడు పైన కప్పు ఉంది కాబట్టి గొంతులు ఇంకా బాగా లేస్తున్నాయి. స్థవిరుడు లేచి కిటికీ మూశాడు.

బుధికుడు చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"భంతే, ఆ రోజు కూడా పాట భరించలేకే మూశారా?"

"అవును. చాలా బాధగా ఉంటుంది."

"మరి నేను అనుకున్నది నిజమేగా! ఊరంతా అనుకున్నదీ నిజమే. అలాంటప్పుడు ఆ ఒక్క తెల్ల పుల్ల..."

స్థవిరుడు ఆసనం మీద సర్దుకుని కూర్చున్నాడు.

"కిటికీ నాది నాయనా," అన్నాడు. "రేవు నాది కాదు."