బండ చుట్టూ మొలిచిన మహిమ

కొత్తల పండగకు వెళ్ళొచ్చారుగా, ఏం చూశారో చెప్పండి. దొప్పలో పసుపు చల్లిన సజ్జ మొలకలు చూశారు. వాటి చుట్టూ తిరిగారు, దండం పెట్టారు. అంతేనా? అంతకుముందు ఎద్దు మూతికున్న చిక్కం విప్పి, కొత్త గింజల్లో మొదటి పిడికెడు దాని నోట్లో పెట్టారే, అది చూశారా? చూడలేదు. నాకు తెలుసు. అందుకే ఆ రెండూ ఎక్కడ పుట్టాయో చెబుతున్నా, వినండి.

ఒక గుట్ట కింద జంతువులు కలిసి సజ్జ పండించేవి. అడవిపంది మోరతో నేల తిరగేసేది. మేక కలుపు మేసేది. ముసలి ఎద్దు మూతికి చిక్కం కట్టించుకుని కళ్ళంలో కంకులు తొక్కేది. మరి నక్క? నక్క పెద్దమనిషి. కళ్ళం పక్కన బండ మీద కూర్చుని, పండగ ఎప్పుడో చెప్పడం దాని పని. పండగ కాకుండా కొత్త గింజ ముట్టినవాళ్ళకు గుట్ట దగ్గర చోటు లేదని కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టిందీ నక్కే.

"మామా, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పండగ ఎప్పుడు?" అని అడిగింది పంది.

"నేలతల్లి ఇంకా ఊ అనలేదురా."

వారం గడిచింది. "ఇప్పుడన్నా అందా మామా?"

"అనబోయి తుమ్మింది. ఇంకో వారం ఆగు."

ఈలోగా ఓ జల్లు పడింది. నాలుగు రోజులకు నక్క కూర్చునే బండ చుట్టూ పచ్చగా సజ్జ మొలకలు! దున్నింది లేదు, విత్తింది లేదు. పంది అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడింది. "మామా, నువ్వు మామూలువాడివి కాదు!"

నక్క మొదట కంగారుపడింది. తర్వాత గొంతు సవరించుకుంది. "ఇన్నాళ్ళకు గుర్తించారు."

ఆ రోజు నుంచి అందరూ బండ చుట్టూ మూడుసార్లు తిరిగాకే పనిలోకి దిగేవారు. ఎద్దు ఎంత తొక్కినా గింజల రాశి మాత్రం పెరగదు. గుసగుసలు మొదలయ్యాయి. నక్క వెంటనే పంచాయితీ పెట్టింది.

"పొద్దస్తమానం గింజల్లో తిరిగేది ఎవరు? ఎద్దు. ఇంకెవరు తింటారు?"

"నా మూతికి చిక్కం ఉంది కదయ్యా," అంది ఎద్దు.

"చిక్కానికి కన్నాలు లేవా?"

గుట్ట దగ్గర చోటు పోతుందని ఎద్దుకు అర్థమైంది. గుట్ట దాటితే పులులుండే అడవి. ఎద్దు కాళ్ళు పరుగు మరిచిపోయి ఏళ్ళయింది.

"నేను తొందరపడి శిక్ష వేసే రకం కాదు," అంది నక్క. "ఈ మొలకలే తేలుస్తాయి. తప్పు చెయ్యనివాడు తింటాడు. దొంగకు గొంతు దిగదు."

ఎద్దు ముక్కు ఎంత చురుకైనదో నక్కకు తెలుసు. చిక్కం విప్పించి, గుప్పెడు మొలకలు నోట్లో పెట్టించింది. ఎద్దు ఒక్కసారి నమిలి ఉమ్మేసింది.

"చూశారా! తల్లే ఉమ్మించింది!"

"దొంగ! దొంగ!" అని అందరికన్నా గట్టిగా అరిచింది పంది.

"ఆగండర్రా," అంటూ మేక ముందుకొచ్చింది. "ఎద్దన్న పచ్చిక ఉమ్మడం నా పుట్టుకలో చూడలేదు. నేనూ తిని చూస్తా."

"నీకెందుకమ్మా శ్రమ?" నక్క అడ్డం రాబోయింది.

మేక అప్పటికే కొరికేసింది. కొరికి, "థూ!" అని నక్క కాళ్ళ దగ్గరే ఉమ్మింది.

"నేను తుమ్మముళ్ళు తింటా, గోనెసంచి తింటా. పచ్చి మొలక నా నోటికి ఎక్కలేదంటే దాని కిందేదో ఉంది." గిట్టతో గీకింది. ఎలుక వెంట్రుకలు, కోడి ఈక, వాటి మధ్య అరగని సజ్జ గింజలు బయటపడ్డాయి. వెంటనే వాసనా వచ్చింది.

"అదిగో మహిమ!" అంది మేక. "పెద్దాయన రోజూ తెల్లవారుజామున దొడ్డికి కూర్చునే చోటర్రా ఇది. మీరిన్నాళ్ళూ ప్రదక్షిణ చేసింది దీనికే!"

పంది మెల్లగా మూతి తుడుచుకుంది. నిన్ననే మొలకలను ముద్దు పెట్టుకుంది మరి.

"అది... తల్లే నా చేత తినిపించి..." నక్క నసిగింది.

"ఆ తల్లే నీకిది కూడా కట్టమంది!" అంటూ ఎద్దుకు కట్టిన చిక్కాన్నే తెచ్చి అందరూ నక్క మూతికి బిగించారు. మిగిలిన కంకులన్నీ దానిచేతే తొక్కించారు. ఆ రోజే పండగ చేసుకున్నారు. మొదటి పిడికెడు ఎద్దు నోట్లో పెట్టారు.

ఏడాది తిరిగింది. పంది మళ్ళీ దొప్పలో మొలకలు పెట్టి మొక్కుతోంది.

"ఇంకా ఎందుకురా?" అని అడిగింది మేక.

"అలవాటైపోయిందక్కా."

ఆ అలవాటే మీ దాకా వచ్చింది. నక్క సంతతి కూడా వచ్చింది. తొక్కేవాడికి చిక్కం కట్టి, కూర్చున్నవాడికి దండం పెట్టినంతకాలం ఏ రాశీ పెరగదు.

ఇప్పుడు చెప్పండి, మీ కళ్ళంలో చిక్కం ఎవరి మూతికి ఉంది?