గడియ ఉన్న వైపు

కూర్మాచార్యులు మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు రాసి తెచ్చినదాన్ని బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. చదివి, కట్టకట్టి, వాళ్ళ చేతికే ఇచ్చి, "పద, అలా వెళ్ళొద్దాం" అంటారు. ఆ వెళ్ళినచోట ఏదో ఒకటి జరుగుతుంది. జరిగినదే సమాధానమని గ్రహించినవాళ్ళు మళ్ళీ వచ్చేవారు. మిగతావాళ్ళు మాస్టారికి చాదస్తమని ఊరంతా చెప్పుకు తిరిగేవారు.

వకుళ ఆయన గుమ్మం ఎక్కేసరికే భయంతో సగం చచ్చి ఉంది. ఏళ్ళ తరబడి రాసిన నవల మరి. పాతకాలపు కోట, ప్రేమ, ఒక రహస్యం మూడూ కలిపి అల్లింది. పెళ్ళికూతురు రత్నాంబను మేనాలో, అంటే అన్నివైపులా మూసిన పల్లకిలో, అత్తవారి కోటకు పంపుతారు. తీరా అక్కడ దించి చూస్తే లోపల మనిషి ఉండదు. ఎవరు ఎత్తుకుపోయారన్నది చివరిదాకా ఎవరికీ అంతుపట్టదు. చివరికి తేలేదేమిటంటే, ఎవరూ ఎత్తుకుపోలేదు. మేనా మోసే బోయీలు దారిలో ఆగి నిద్రపోతుండగా "రత్నాంబ మేనా తలుపు తీసుకుని వెన్నెల్లోకి దిగింది," ప్రియుడి గుర్రమెక్కింది. ఆ ఒక్క వాక్యం కోసమే తక్కిన నవలంతా రాశానని వకుళ మురిసిపోయేది. చదివిన స్నేహితులూ ఆ వాక్యం దగ్గరే ఆహా అన్నారు. అయినా కాకిపిల్ల కాకికి ముద్దన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఒకపక్క ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారు. మాస్టారు పెదవి విరిస్తే మాత్రం కట్టను అటకమీద పడేసి, ఇక జన్మలో కలం పట్టకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చింది.

"ఇందులో గుణమేమిటో, దోషమేమిటో చెప్పండి మాస్టారూ," అని అడిగింది. మాస్టారు అప్పటికే చదివేసిన కట్టను ఆమె చేతిలో పెట్టి చెప్పులు వేసుకున్నారు.

ఆయన తీసుకెళ్ళింది పాత దివాణానికి. ఇప్పుడు అందులో ఉంటున్న జగ్గరాజుగారు మాస్టారికి చిన్ననాటి స్నేహితుడు. వెనకవైపు సావిడి తాళం తీసి, మజ్జిగ పంపిస్తానని లోపలికి వెళ్ళిపోయారు. సావిడి నడుమ, దుమ్ము పట్టి, ఒక మేనా ఉంది. దాన్ని చూడగానే వకుళకు ప్రాణం లేచివచ్చింది. ఎక్కి కూర్చోవచ్చా అని అడిగింది. మాస్టారు తలుపు తెరిచి పట్టుకున్నారు. ఆమె లోపల సర్దుకుని కూర్చుని, తలుపు తనే దగ్గరికి లాక్కుంది. బయట ఏదో టక్కుమంది.

లోపల అంతా ఆమె రాసినట్టే ఉంది. చెక్కడపు చిలకలు, వెలిసిన మఖమలు, ఎక్కడో ఇంకిపోయిన కర్పూరపు వాసన. సన్నటి జాలీలోంచి పడే వెలుతురులో తలుపు లోపలివైపు అరచేయంత మేర లక్కరంగు లేచిపోయి, కర్ర నున్నగా కనబడింది. ఎందరు పెళ్ళికూతుళ్ళ తలలోని పూలు ఒరుసుకుని అలా అయిందోనని ఆమె మనసు పులకరించింది. ఇది నవలలో చేర్చాలి అనుకుంది.

ఇక దిగుదామని తలుపు నెట్టింది. రాలేదు. గడియ కోసం తడిమింది. పైన లేదు, కింద లేదు, పక్కల లేదు. అప్పుడు ఆ టక్కుమన్న శబ్దం గుర్తొచ్చింది. అది బయట గడియ పడిన చప్పుడు.

పిలవవచ్చు. కానీ పరాయి ఇల్లు. ఇంత వయసొచ్చిన మనిషి పెట్టెలో కూర్చుని కేకలు పెడితే రాజుగారింట్లో ఏమనుకుంటారు? సిగ్గు నోరు నొక్కేసింది. గాలి చాలడం లేదనిపించింది. అంతలో అడుగుల చప్పుడైంది. ఎవరో మేనా చుట్టూ నడిచి, సరిగ్గా తలుపు దగ్గర ఆగారు. జాలీకి ఏదో అడ్డొచ్చి ఆ కాస్త వెలుతురూ పోయింది. మాస్టారేనా? మాస్టారైతే మాట్లాడరేం? కొంపదీసి ఇంకెవరైనా అయితే, కేక వేస్తే తీసేది వాళ్ళే కదా. తీసి ఏం చేస్తారు? వకుళ జీవితంలో ఎన్నడూ ఎరగని భయం అది. కేక రాలేదు, చెయ్యి మాత్రం లేచింది. మర్యాదా సిగ్గూ మరిచి తలుపును దబదబా బాదింది.

చెయ్యి పడింది ఆ రంగు లేచిపోయిన చోటనే. ఆమె వెతుక్కోలేదు. కూర్చున్న మనిషి చెయ్యి ఎత్తితే పడేది అక్కడే. పూలు ఒరుసుకున్న చోటు కాదది.

వెంటనే తలుపు తెరుచుకుంది. ఎదురుగా మాస్టారు, గడియ మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు. నువ్వు తట్టేదాకా ఆగుదామనుకున్నాను గానీ ఆగడం నావల్ల కాదేమో అనిపించిందమ్మా అని, ఆమెను పట్టుకుని దించారు. మజ్జిగ వచ్చింది. వకుళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం చీరమీద ఒలికింది.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. వకుళ కట్ట గుండెలకు అదుముకుని నడిచింది. ఎంతైనా కన్నతీపి కదా, ఆ వాక్యం వదులుకోబుద్ధి కాలేదు. చివరికి నెమ్మదిగా, తన కథలో మేనాకి గడియ లోపలే ఉందని రాసుకుంటే సరిపోదా, కథే కదా అంది. అలాగే రాసుకోమన్నారు మాస్టారు. ఆ మాటలో వెటకారం లేదు. అదే ఆమెను మరింత భయపెట్టింది.

"మరి ప్రెస్సుకి పంపనా, మాననా మాస్టారూ?"

మాస్టారు తన ఇంటి గుమ్మం ముందు ఆగి చెప్పులు విడిచారు.

"నీ నవల చదివితే ఎవరికైనా ఆ మేనా ఎక్కాలనిపిస్తుందమ్మా. ముసలాణ్ణి, నాకూ అనిపించింది." లోపలికి అడుగు వేయబోయి వెనక్కి తిరిగారు. "నీ నవలలో ఆ రంగు పోయిన చోటు కోసం కూడా వెతికాను. కనబడలేదు."